దసరా సెలవుల్లో హైదరాబాద్: పిల్లలకు ఏం చూపిద్దాం, ఏం చెబుదాం?



దసరా సెలవులు దగ్గరపడ్డాయి. "ఈసారి ఎక్కడికి తీసుకుపోతారు?" అని పిల్లలు ఇప్పటికే అడుగుతూ ఉంటారు. కర్నూలు నుంచి హైదరాబాద్ సుమారు 210 కిలోమీటర్లు. బస్సులో నాలుగైదు గంటల ప్రయాణం. కడప నుంచి రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి కాచిగూడలో దిగవచ్చు. మీలో చాలామంది ఆ ఊరికి ఎన్నోసార్లు వెళ్లి ఉంటారు. ఆసుపత్రి పని మీద, పెళ్లి బట్టల కోసం, కౌన్సెలింగ్ కోసం. పని కాగానే తిరుగు బస్సు. పిల్లలు వెంట వచ్చినా వాళ్లు చూసింది ఒక మాల్, ఒక బిర్యానీ హోటల్.

పోయిన వేసవిలో మన పాత విద్యార్థి ఒకడు స్కూలుకు వచ్చాడు. ఇంటర్ రెండేళ్లూ హైదరాబాద్‌లోనే చదివాడు. "ఊరంతా చూసినావా?" అని అడిగితే నవ్వాడు. "ఎక్కడ సార్! హాస్టల్, క్లాస్‌రూమ్, బస్టాండ్. అంతే. మొదటి రోజు 'మెస్ యాడుంది?' అని అడిగితే పక్క పిల్లోళ్లు నవ్వినారు. ఆ తర్వాత ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదు" అన్నాడు. మంచి ర్యాంకు తెచ్చుకున్న పిల్లవాడే. కానీ రెండేళ్లు ఒక మహానగరంలో ఉండి, ఆ ఊరు తనది కాదనుకునే తిరిగి వచ్చాడు.

మన పిల్లల్లో చాలామంది ఇంకో ఐదారేళ్లలో హైదరాబాద్‌కో, బెంగళూరుకో, చెన్నైకో పెట్టె సర్దుకుని వెళ్లేవాళ్లే. ఒక పెద్ద ఊరిని మొదటిసారి అమ్మానాన్నల చేయి పట్టుకుని చూడటం వేరు, హాస్టల్ గేటు లోపలి నుంచి చూడటం వేరు. అందుకే ఈసారి రెండు రోజులు కేటాయించండి. చూపించే ప్రతిచోటా ఒక్క విషయం చెప్పండి: ఈ ఊరిని కట్టినవాళ్లలో ఎక్కువమంది ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లే. తలా ఒక భాషతో, తలా ఒక యాసతో వచ్చారు. మన యాస కూడా అందులో ఒకటి.

మనకూ ఆ ఊరికీ ఉన్న చుట్టరికం

బయలుదేరే ముందు రోజు రాత్రి ఈ నాలుగు సంవత్సరాలు పిల్లలకు చెప్పండి.

1800: అప్పటిదాకా నిజాం ఏలుబడిలో ఉన్న కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలను ఆయన ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. దత్తమండలాలు అనే పేరు అప్పుడు వచ్చిందే. కర్నూలు నవాబు కట్టే కప్పం కూడా కంపెనీకి మారింది. 1839లో నవాబును తొలగించి కర్నూలును నేరుగా కలిపేసుకున్నారు.

1953: అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. కర్నూలు రాజధాని అయింది.

1956: నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాద్‌కు వెళ్లింది. ఆఫీసులతో పాటు ఉద్యోగులూ, వాళ్ల కుటుంబాలూ వెళ్లాయి.

2014: జూన్ 2న తెలంగాణ వేరే రాష్ట్రమైంది. తుంగభద్ర దాటితే ఇప్పుడు మరో రాష్ట్రం. కానీ ఇంటికొకరైనా ఆ ఊళ్లో ఉన్న కుటుంబాలు మన దగ్గర ఎన్నో.

మొదటి రోజు ఉదయం: గోల్కొండ

ఎండ ముదరకముందే వెళ్లండి. ఫతే దర్వాజా దగ్గర గుమ్మటం కింద పిల్లల చేత చప్పట్లు కొట్టించండి. ఆ చప్పుడు కొండ మీద ఉన్న బాలా హిస్సార్ దాకా వినిపిస్తుంది. ఫోన్లు లేని కాలంలో అది కోటకు హెచ్చరిక. మట్టి గొట్టాలతో, చక్రాలతో నీటిని పైకి ఎక్కించిన ఏర్పాట్ల ఆనవాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. సైన్స్ ఇష్టమైన పిల్లలకు అవి తప్పక చూపించండి.

కాకతీయుల కాలం నాటి మట్టి కోటను కుతుబ్‌షాహీలు రాతి కోటగా మార్చారు. మెట్లెక్కుతూ పోతే రామదాసు చెరసాల వస్తుంది. భద్రాచల రామాలయం కోసం ప్రభుత్వ సొమ్ము ఖర్చుపెట్టాడని కంచర్ల గోపన్నను ఇక్కడే బంధించారని చెబుతారు. పైన ఒక మసీదు, జగదాంబ మహంకాళి గుడి రెండూ ఉన్నాయి. ఆషాఢంలో జంటనగరాల బోనాలు మొదలయ్యేది ఈ గుడి నుంచే. ఇక్కడ పిల్లలకు ఉపన్యాసం అవసరం లేదు. రెండింటినీ చూపించి ఊరుకున్నా చాలు.

గోల్కొండ వజ్రాల గురించి పిల్లలు అడుగుతారు. ఆ వజ్రాలు ఈ కొండలో దొరికినవి కావు. గోల్కొండ వాటి బజారు. రాళ్లు వచ్చింది కృష్ణా తీరంలోని కొల్లూరు లాంటి గనుల నుంచి. వజ్రాల నేల మనకూ కొత్త కాదు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో జనం వంగి వంగి రాళ్లు ఏరడం మన పిల్లలు టీవీలో చూసే ఉంటారు.

కోటకు దగ్గర్లోనే కుతుబ్‌షాహీ సమాధులు. అక్కడ ఇబ్రహీం కుతుబ్‌షా సమాధి దగ్గర కాసేపు ఆగండి. రాజు కాకముందు ఈయన ఏడేళ్లు విజయనగరంలో తలదాచుకున్నాడు. అక్కడ తెలుగు మీద మక్కువ పెంచుకున్నాడు. 1550లో గోల్కొండ సింహాసనం ఎక్కాక తెలుగు కవులను ఆదరించాడు. వాళ్లు ఆయన్ను మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం ఆయనకే అంకితమిచ్చాడు. పూర్తిగా అచ్చతెలుగులో వచ్చిన తొలి కావ్యంగా చెప్పే యయాతి చరిత్రను పొన్నిగంటి తెలగన్న అంకితమిచ్చింది కూడా ఈ రాజ్యంలోని అమీన్‌ఖాన్ అనే అధికారికే. అయితే 1565లో విజయనగరం మీదికి కలిసి వెళ్లిన సుల్తానుల్లో ఇబ్రహీం కూడా ఒకడు. తనకు ఆశ్రయమిచ్చిన రాజ్యం మీదికే వెళ్లాడు. పెద్ద తరగతుల పిల్లలతో ఈ విషయం దాచకుండా మాట్లాడండి. చరిత్రలో మనుషులు పూర్తిగా మంచివాళ్లుగానో, పూర్తిగా చెడ్డవాళ్లుగానో దొరకరని వాళ్లకు అర్థమయ్యే వయసే అది.

మొదటి రోజు మధ్యాహ్నం: చార్మినార్ చుట్టూ

ఇబ్రహీం కొడుకు మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో చార్మినార్ కట్టించి, దాని చుట్టూ కొత్త నగరం వేశాడు. ఆ నగర నిర్మాణంలో ఇరాన్ నుంచి వచ్చిన మీర్ మోమిన్ పాత్ర పెద్దది. నాలుగు వైపులా నాలుగు రోడ్లు, ఉత్తరాన నాలుగు కమాన్లు. ముందు ప్లాన్, తర్వాత ఊరు. గడియారాలు మాత్రం 1889లో పెట్టినవి.

ఈ రాజు స్వయంగా కవి. రాసింది దక్కనీలో. ఆ దక్కనీ మనకు పరాయిది కాదు. కర్నూలు వన్‌టౌన్‌లోనూ, కడప పెద్ద దర్గా చుట్టుపక్కలా ఇళ్లలో వినిపించే ఉర్దూ ఆ కుటుంబానిదే. లాడ్ బజార్‌లో గాజుల బేరం చేస్తూ "నక్కో" అన్న మాట వినిపిస్తే మన పిల్లలు తిరిగి చూస్తారు. క్లాసులో పక్క బెంచీ స్నేహితుడి ఇంట్లో విన్న మాట అది.

పక్కనే మక్కా మసీదు. 1617లో పని మొదలైతే 1694లో పూర్తయింది. మొదలుపెట్టింది కుతుబ్‌షాహీలు, ముగించింది వాళ్ల రాజ్యాన్ని 1687లో జయించిన ఔరంగజేబు. ఇంకాస్త ముందుకు వెళితే చౌమహల్లా ప్యాలెస్. అది తర్వాత వచ్చిన ఆసఫ్‌జాహీల, అంటే నిజాంల నివాసం. ఒక్క సాయంత్రపు నడకలో మూడు రాజవంశాల కాలాలు దాటిపోవచ్చు.

రెండో రోజు ఉదయం: మూసీ గట్టు మీద

సాలార్ జంగ్ మ్యూజియంలో రోజంతా గడపవచ్చు. పిల్లలు అలిసిపోతారు కాబట్టి మూడింటిని ఎంచుకోండి. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన మేలిముసుగు రెబెక్కా: పాలరాయిని పల్చటి బట్టలా భ్రమింపజేస్తుంది. ముందు నుంచి ఒక మనిషిగా, వెనక నుంచి మరో మనిషిగా కనిపించే చెక్క బొమ్మ. గంట గంటకూ చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే గడియారం. పన్నెండు కొట్టేటప్పటికి అక్కడ చోటు దొరకదు, పది నిమిషాలు ముందే వెళ్లండి.

బయటికి వచ్చాక మూసీ వంతెన మీద నిలబడి ఒక సంగతి చెప్పండి. 1908 సెప్టెంబరు 28న ఈ నది పొంగి వేలమందిని పొట్టనబెట్టుకుంది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న ఒక చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ తర్వాత మైసూరు ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఎగువన జలాశయాలు కట్టి వరదను ఆపాలని ఆయన సూచించారు. అలా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. దెబ్బ తిన్నాక ఊరు చేసుకున్న ఆలోచన తర్వాతి తరాలకు తాగునీరయింది.

మన పిల్లలకు ఇది ఎక్కడో జరిగిన కథలా వినిపించకూడదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచెత్తినప్పుడు మీ ఇంట్లో నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో, ఎవరి మిద్దె ఎక్కారో చెప్పండి. కడప వైపు వాళ్లయితే 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన రోజు గురించి చెప్పండి. వాళ్ల ఊరికీ మన ఊరికీ ఉన్న నిజమైన చుట్టరికం అక్కడ తెలుస్తుంది.

అక్కడి నుంచి కోఠికి ఆటోలో కొద్ది దూరం. మహిళా విశ్వవిద్యాలయ ఆవరణలో తెల్లటి స్తంభాలతో కనిపించే భవనం ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. దాన్ని కట్టించిన కిర్క్‌పాట్రిక్ ఎవరో తెలుసా? 1800లో మన ప్రాంతాన్ని కంపెనీకి అప్పగించిన ఒప్పందం నిజాంతో నడిపిన రెసిడెంట్ ఆయనే. లోపలికి వదులుతారో లేదో ముందే కనుక్కోండి. బయటి నుంచి చూసినా చెప్పడానికి కథ ఉంది.

దగ్గర్లోనే సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం ఉంది. పెద్ద భవనమేమీ కాదు. కానీ ఉర్దూ రాజభాషగా ఉన్న కాలంలో, 1901లో, తెలుగు పుస్తకం కోసం అక్కడివాళ్లు పెట్టుకున్న గ్రంథాలయం అది. దానికి ఎంచుకున్న పేరు మన రాయలవారిది.

రెండో రోజు సాయంత్రం: హుస్సేన్ సాగర్

ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో తవ్విన చెరువు ఇది. నడుమ నిలబడిన బుద్ధ విగ్రహం ఏకశిల. 1990లో దాన్ని పడవ మీద తీసుకువెళుతుండగా నీటిలో మునిగిపోయింది. కొందరు ప్రాణాలు కోల్పోయారు. రెండేళ్లు నీటి అడుగునే ఉన్న విగ్రహాన్ని 1992లో పైకి తీసి నిలబెట్టారు.

ట్యాంక్ బండ్ మీద నడుస్తూ పిల్లలకు ఒక పోటీ పెట్టండి: "మన సీమవాళ్లను ఎంతమందిని కనిపెడతావు?" వేమన, తాళ్లపాక అన్నమాచార్యులు, గోపవరం మొల్ల, కందిమల్లాయపల్లె వీరబ్రహ్మేంద్రస్వామి, తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ. అదే వరుసలో గోల్కొండ చివరి సుల్తాను తానీషా, ఆయన కాలంలో చెరలో ఉన్న రామదాసు, ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్, గోదావరికి ఆనకట్ట కట్టిన ఇంగ్లిష్‌వాడు కాటన్ కూడా ఉంటారు. మన యాసలో మాట్లాడిన మనుషులు ఈ ఊరి నడిబొడ్డున నిలబడి ఉన్నారని పిల్లలకు వేరే చెప్పాల్సిన పని ఉండదు.

పేర్లలో దాగిన మనుషులు

ఆటోలోనో, బస్సులోనో తిరిగేటప్పుడు బోర్డులు చదివించండి. బార్కస్ అంటే బ్యారక్స్. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరిన అరబ్బుల బస్తీ. ఏసీ గార్డ్స్‌లో ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ సైనికుల పేట. 1832లో పంజాబ్ నుంచి వచ్చిన సిక్కు సైనికుల సంతతి వాళ్లు సిక్కు ఛావనీలో ఉన్నారు. బేగంబజార్‌లో మార్వాడీలు, గుజరాతీలు. సికింద్రాబాద్ బ్రిటిష్ దండుతో పెరిగిన ఊరు కాబట్టి అక్కడ తమిళులు, ఆంగ్లో ఇండియన్లు, పార్సీలు. బెంగాల్ నుంచి వచ్చిన అఘోరనాథ్ చటోపాధ్యాయ ఇక్కడ కాలేజీ నడిపితే, ఆయన కూతురు సరోజినీ నాయుడు 1879లో ఇక్కడే పుట్టింది. 1998లో సైబర్ టవర్స్ వచ్చాక దేశంలోని అన్ని మూలల నుంచీ ఉద్యోగులు వచ్చారు. వాళ్లలో మన జిల్లాల పిల్లలు ఎంతమందో మీకే తెలుసు.

తిండి కూడా పాఠమే. ఇరానీ హోటల్ చాయ్ ఇరాన్ నుంచి వచ్చినవాళ్లు పరిచయం చేసింది. హలీం అరబ్బుల నుంచి వచ్చి ఇక్కడి మసాలా కలుపుకుంది. మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ బోర్డు చూసి "పాకిస్తాన్ పేరెందుకు?" అని పిల్లలు అడగవచ్చు. దేశ విభజనలో ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన సింధీ కుటుంబం 1953లో పెట్టిన దుకాణం అది. పోగొట్టుకున్న ఊరి పేరు బోర్డు మీద పెట్టుకున్నారు. మన వాళ్లు బతుకుతెరువుకు వెళ్లిన చోటల్లా రాయలసీమ రుచులు అని బోర్డు పెట్టుకోవడం కూడా అలాంటిదే కదా.

ప్రయాణానికి కొన్ని మాటలు

• సాలార్ జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్‌లకు శుక్రవారం సెలవు. జూపార్కుకు సోమవారం సెలవు. పండుగ రోజుల్లో వేళలు మారవచ్చు, బయలుదేరే ముందు సరిచూసుకోండి.
• శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదు దగ్గర ప్రార్థనల రద్దీ ఉంటుంది. చార్మినార్ మరో రోజు పెట్టుకోండి. గుడి, మసీదు, చర్చి, గురుద్వారా ఎక్కడికి వెళ్లినా ఆ చోటి పద్ధతి పాటించండి. పిల్లలు మిమ్మల్ని చూసే నేర్చుకుంటారు.
• మన బస్సులు ఆగే ఎంజీబీఎస్ దగ్గరే రెండు మెట్రో లైన్లు కలుస్తాయి. టికెట్ కొనే పని, మ్యాప్ చదివే పని పిల్లలకు అప్పగించండి. తప్పు రైలెక్కితే కోప్పడకండి. మీరు పక్కన ఉన్నప్పుడు తప్పడం మంచిది.
• కనీసం రెండుసార్లు దారి అడిగే పని పిల్లలకే వదిలేయండి. ఇంట్లో మాట్లాడే మాటతోనే అడగమనండి.
• దసరా ముందు రోజుల్లో సాయంత్రాలు వీధుల్లో బతుకమ్మ ఆడుతుంటారు. ఆగి చూడండి. పూలు ఎలా పేర్చారో అడిగితే సంతోషంగా చెబుతారు.

తిరిగి వచ్చాక

సెలవుల తర్వాత మేము ఫోటోలు అడగం. 4 నుంచి 9వ తరగతి పిల్లలు ఒక పేజీ రాసి క్లాస్ టీచర్‌కు ఇస్తే చాలు. అందులో రెండు ప్రశ్నలకు జవాబు ఉండాలి.

మొదటిది: మీరు మాట్లాడిన ఒక మనిషి ఎవరు, వాళ్ల కుటుంబం ఆ ఊరికి ఎక్కడి నుంచి వచ్చింది? ఆటో డ్రైవర్ కావచ్చు, గాజులు అమ్మే అక్క కావచ్చు, మీ చిన్నాన్నే కావచ్చు.

రెండోది: అలాంటి కలయిక మన ఊళ్లో ఎక్కడ కనిపిస్తుంది? కర్నూలు పిల్లలు హంద్రీ ఒడ్డున ఉన్న అబ్దుల్ వహాబ్ సమాధినీ, కొండారెడ్డి బురుజునూ మళ్లీ ఒకసారి చూసి రావచ్చు. కడప పిల్లలు ఉగాది నాడు దేవుని కడప గుడికి ముస్లింలు ఎందుకు వస్తారో అవ్వాతాతల్ని అడగవచ్చు. అమీన్ పీర్ దర్గాకు ఎవరెవరు వెళతారో చూసి రాయవచ్చు. ఇంట్లో వాడే కుర్చీ, జేబు, ఖర్చు, వసూలు, జిల్లా, కచేరీ లాంటి మాటలు ఏ భాష నుంచి వచ్చాయో వెతకవచ్చు.

ఈసారి డబ్బులు, సెలవు కుదరని వాళ్లు బాధపడనక్కర్లేదు. రెండో ప్రశ్నకు బస్సు టికెట్ అవసరం లేదు.

ఆ పాత విద్యార్థి వెళ్లేముందు ఒక మాటన్నాడు: "చిన్నప్పుడు ఒకసారి చూసి ఉంటే భయం ఉండేది కాదేమో సార్." మీ పిల్లలు పెట్టె సర్దుకునే రోజుకు ఇంకా సమయం ఉంది. ఈ దసరాకు చేయి పట్టుకుని ఒకసారి నడిపించి తీసుకురండి.

మీకూ, మీ కుటుంబానికీ దసరా శుభాకాంక్షలు.